సర్వీసింగ్ చేయించిన తెల్లారే ఇంజన్ ఆయిల్ మొత్తం కారిపోయింది, సంతకం పెట్టి బండి తీస్కపొమ్మంటున్నరు, ఏం చేయాలె?

నాచారంవాలా:

అన్నలూ, జర పెద్ద పోస్టు, ఓపిక చేసుకొని చదవండి. నాది పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, ఎక్స్‌టెండెడ్ వారంటీ ఇంకా నడుస్తుంది. 40 వేల కిలోమీటర్ల సర్వీసుకని శనివారం పొద్దున ఆథరైజ్డ్ వర్క్‌షాప్‌లనే ఇచ్చిన, ఏ కంపెనీ, ఏ వర్క్‌షాప్ అని అడగకండి, ఇంకా మాటలు నడుస్తున్నయ్ కాబట్టి పేరు పెట్టను. ఇంజన్ ఆయిల్, ఫిల్టర్లు, అలైన్‌మెంట్, వాటర్ వాష్, ఇంకా నేను వద్దన్నా ఏసీ క్లీనింగ్ అని ఒక లైను, అంతా కలిపి 7 వేల లోపు బిల్లు. మధ్యాహ్నం మూడింటికి ఇస్తమన్న బండి రాత్రి ఏడున్నరకి ఇచ్చిన్రు, అప్పటికే షట్టర్ సగం దించేసి ఉంది.

ఆదివారం పొద్దున్నే అమ్మ నాన్నలని తీసుకొని యాదగిరిగుట్టకి బయల్దేరినం. ఉప్పల్ నుంచి నారపల్లి దాకా ఆ ఫ్లైఓవర్ పిల్లర్ల పక్కపొంటి మెల్లగ పోతుంటే ఏం తెల్వలే, ఘట్‌కేసర్ దాటినంక రోడ్డు ఖాళీ దొరికి జర స్పీడ్ పెంచంగనే మీటర్ల ఎర్రటి నూనె డబ్బా గుర్తు ఒకసారి వెలిగి ఆరింది. ఏందిది అని నాన్నకి చూపెట్టేలోపు మళ్ళ వెలిగింది, ఈసారి ఆరలే. పక్కకు తీసి ఇంజన్ బంద్ చేసిన. ఆయిల్ ఎంతుందో చూసే డిప్‌స్టిక్ గుంజి చూస్తే కొసకి కూడా తడి లేదు. కిందికి వంగి చూస్తే చాంబర్ (ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే డబ్బా) నుంచి వెనక సైలెన్సర్ దాకా ఒకటే ఆయిల్, నల్లది కాదు, సీసాలకెళ్ళి అప్పుడే పోసినట్టు పసుపు రంగుల మెరుస్తున్న కొత్త ఆయిల్. అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌కి ఫోన్ చేసి సెల్లార్ల నా ప్లేస్ చూడమంటే ఫోటో పంపిండు, రాత్రంతా అక్కడ కూడా కారింది.

రోడ్‌సైడ్ అసిస్టెన్స్ వాళ్ళు టో చేసి అదే వర్క్‌షాప్‌ల దింపిన్రు. సోమవారం పొద్దున పోతే సర్వీస్ అడ్వైజర్ అంటడు, "డ్రెయిన్ నట్, అదే కింద పాత ఆయిల్ దించే నట్టు, కొంచెం లూజ్ ఉండె సార్, టైట్ చేసి కొత్త ఆయిల్ పోసినం, ఫ్రీనే, ఇంజన్‌కి ఏం కాలే, తీస్కపోండి." వచ్చే సర్వీసు లేబర్ కూడా ఫ్రీ అంట. కానీ ఒక కాగితం ముందర పెట్టిండు, పని సంతృప్తికరంగా ఉంది, ఇంక ఎట్లాంటి క్లెయిమ్ లేదు అని. నేను బానెట్ లేపి స్టార్ట్ చేయమన్న, మొదటి కొన్ని సెకన్లు టకటక టకటక అని సౌండ్, తర్వాత తగ్గింది. ఇంతకు ముందు ఈ సౌండ్ లేదు, అది పక్కా. అతనేమో అన్ని బండ్లకి ఉంటది సార్ అంటడు.

బండి తీస్కోవాలా వద్దా? ఏం చెక్ చేయించాలె? ఇన్సూరెన్స్‌ల ఏమన్నా అయితదా? ఇంట్ల అమ్మ ఏమో గుట్టకి పోయే బండికి ఇట్లయింది ఏదో దోషం ఉందని అది ఒక లొల్లి.

లాంగ్‌డ్రైవ్_ఎల్బీనగర్:

ఆ కాగితం మీద సంతకం పెట్టకు బ్రో. మిగతాదంతా తర్వాత. సంతకం పెట్టి బండి గేటు దాటిందంటే ఆ తర్వాత ఇంజన్ పోయినా "మీరు ఎట్లా నడిపారో మాకేం తెలుసు" అంటారు.

మాజీ_ఫ్లోర్_సూపర్‌వైజర్:

నేను చాలాకాలం ఇలాంటి వర్క్‌షాప్‌లోనే ఫ్లోర్ చూసుకున్నా, ఇప్పుడు వేరే పనిలో ఉన్నా కాబట్టి కొంచెం ఓపెన్‌గా చెప్తున్నా.

ముందు ఇదెలా జరుగుతుందో వినండి. శనివారం బే, అంటే బండి ఎక్కించి పని చేసే చోటు, ఖాళీ ఉండదు. కుర్రాడు పాత ఆయిల్ దించేసి, నట్టు చేత్తో రెండు చుట్లు తిప్పి, పానా పెట్టే లోపు పక్క బండి కిందికి పిలుస్తారు. వాడు అటు వెళ్ళగానే ఇంకొకడు వచ్చి పైనుంచి ఆయిల్ పోసేస్తాడు, ఎందుకంటే పోసేవాడి కళ్ళకి నట్టు పెట్టే ఉంది. దీనికోసమే టార్క్ రెంచ్‌తో (ఎంత బలంతో బిగించాలో కొలిచే పానా) బిగించాక నట్టు మీద పెయింట్ పెన్‌తో గీత పెట్టాలని రూలు, ఫైనల్ ఇన్‌స్పెక్షన్‌లో ఆ గీత చూడాలి. శనివారం సాయంత్రం ఏడింటికి ఆ గీత ఎవడు చూస్తాడు? షీట్ మీద టిక్కులు మాత్రం అన్నీ పడతాయి, ఒకే పెన్నుతో, ఒకే ఊపులో.

ఇక అసలు విషయం. ఆ ఎర్ర లైటు ఆయిల్ లెవెల్ తగ్గితే వచ్చేది కాదు, ప్రెషర్ పడిపోతే వచ్చేది. అంటే లైటు వెలిగే టైముకి పంప్ అప్పటికే గాలి లాగుతోందన్నమాట. ఇంజన్‌లో తిరిగే క్రాంక్ షాఫ్ట్‌కీ, దాన్ని పట్టుకునే షెల్స్‌కీ (బేరింగులు) మధ్య ఉండేది సన్నటి ఆయిల్ పొర ఒక్కటే, అది లేకపోతే ఇనుము ఇనుము రాసుకుంటుంది. మీరు వెంటనే ఆపారు కాబట్టి బతికిపోయే ఛాన్సు బాగానే ఉంది, కానీ ఇంజన్ స్టార్ట్ అయింది కాబట్టి ఏం కాలేదు అనడం పచ్చి అబద్ధం. షెల్ మీద గీతలు పడినా ఇంజన్ స్టార్ట్ అవుతుంది, నెలల తరబడి తిరుగుతుంది, తర్వాత ఒకరోజు నాకింగ్, అంటే లోపల కొట్టుకునే సౌండ్, మొదలవుతుంది. అప్పటికి వీళ్ళు పోసిన ఫ్రీ ఆయిల్ కథ ఎవడికీ గుర్తుండదు.

స్టార్టింగ్‌లో ఆ టకటక టైమింగ్ చైన్ టెన్షనర్ (ఇంజన్ లోపలి చైన్‌ని బిగువుగా పట్టుకునే పార్టు) కావచ్చు, అది కూడా ఆయిల్ ప్రెషర్ మీదే పనిచేస్తుంది, ఖాళీ అయి మళ్ళీ నిండేవరకు సౌండ్ వస్తుంది. సమస్య చిన్నదే అయ్యుండొచ్చు. అయినా ఊహించి వదిలేయొద్దు.

ఏం అడగాలంటే, మొదట ఆ ఆయిల్ ఫిల్టర్. శనివారం వేసిన ఫిల్టరే, ఆ నడిచిన టైములో ఏం అరిగినా రజను అందులోనే ఉంటుంది. సోమవారం దాన్ని మార్చేసి ఉంటే పాతది చెత్తలో వేయకుండా పక్కన పెట్టమని ఈ రోజే మెయిల్ పెట్టు, ఈ రోజే. దాన్ని కట్టర్‌తో కోసి లోపలి కాగితం మడతలు విప్పి ఎండలో చూడాలి, మెరుపులు కనపడితే గొడవ ఉన్నట్టే. హాక్సా బ్లేడుతో కోయనివ్వకు, ఆ బ్లేడు రాలిన పొడే పడి కన్‌ఫ్యూజ్ అవుతావు. అయస్కాంతం పెట్టి ఏం అంటుకోలేదు సార్ అంటే నమ్మకు, షెల్స్ మీద ఉండే పూత అల్యూమినియం లాంటివి, అయస్కాంతానికి అవి అంటుకోవు.

రెండోది ఆయిల్ ప్రెషర్ టెస్టు. ప్రెషర్ స్విచ్ ఊడదీసి ఆ ప్లేసులో మీటరు బిగించి, ఇంజన్ బాగా వేడెక్కాక ఐడిల్‌లో ఎంత, రెయిజ్ చేస్తే ఎంత అని చూసి సర్వీస్ మాన్యువల్‌లో ఉన్న నంబర్‌తో పోల్చి జాబ్ కార్డ్ (బండి సమస్య, చేసిన పని రాసే వర్క్‌షాప్ కాగితం) మీద రాయించు. మూడోది చాంబర్ దింపి కనీసం ఒక కనెక్టింగ్ రాడ్ (పిస్టన్‌ని క్రాంక్ షాఫ్ట్‌కి కలిపే రాడ్) క్యాప్ విప్పి షెల్ చూడటం, ఆయిల్ పంపుకి దూరంగా ఉన్న సిలిండర్‌ది అయితే మంచిది. ఇది నీ ముందే జరగాలి. దీనికి వాళ్ళు తొందరగా ఒప్పుకోరు, లేబర్ ఎక్కువ.

ఇంకోటి, నీ బిల్లు తీసి డ్రెయిన్ ప్లగ్ (ఆ డ్రెయిన్ నట్టే) గాస్కెట్ అనో వాషర్ అనో లైను ఉందేమో చూడు. ఆయిల్ మార్చిన ప్రతిసారీ ఆ వాషర్ కొత్తది వేయాలి.

క్లెయిమ్_బాబాయ్:

ఇన్సూరెన్స్ సంగతి నేను చెప్తా. మామూలు పాలసీలో మెకానికల్ బ్రేక్‌డౌన్ కవర్ కాదు, పాలసీ కాగితంలోనే మినహాయింపుల్లో రాసి ఉంటుంది. ఇంజన్ ప్రొటెక్ట్ యాడ్ ఆన్ ఉన్నా అది నీళ్ళు దూరినప్పుడు, లేదా కింద రాయో డివైడరో తగిలి చాంబర్ పగిలి ఆయిల్ కారినప్పుడు పనికొచ్చేది. మన ఊళ్ళో 2020 అక్టోబర్ వరదల్లో సెల్లార్లు మునిగాక ఈ యాడ్ ఆన్ పేరు అందరికీ తెలిసింది. మెకానిక్ నట్టు బిగించకపోతే మాత్రం అది యాక్సిడెంట్ కాదు తమ్ముడూ.

జాగ్రత్త, కొన్ని చోట్ల వాళ్ళే మెల్లగా వచ్చి రాయి తగిలిందని రాద్దాం సార్ అంటారు. ఒప్పుకున్నావంటే తప్పుడు క్లెయిమ్ నీ పేరు మీద, నో క్లెయిమ్ బోనస్ పోయేది నీది, వాళ్ళ తప్పు కాగితం మీద లేకుండా పోతుంది. ఇన్సూరెన్స్ సర్వేయర్ వచ్చి చాంబర్ మీద గీత కూడా లేదంటే అక్కడితో రిజెక్ట్.

నాచారంవాలా:

బాబాయ్ నువ్వు అక్కడే ఉన్నవా ఏంది? మాటకి మాట అదే అన్నడు ఇయ్యాల. "కింద ఏదన్న తగిలిందేమో సార్, క్లెయిమ్ పెడితే మీకు జీరో ఖర్చు" అని. నేను నవ్వి ఊకున్న.

సూపర్‌వైజర్ అన్నా, బిల్లు చూసిన, డ్రెయిన్ ప్లగ్ గాస్కెట్ అని ఒక లైను ఉంది, 30 రూపాయల లోపే. వేసిన్రో లేదో నాకెట్ల తెలుస్తది? ఫిల్టర్ గురించి మెయిల్ ఇప్పుడే కొట్టిన.

మల్కాజిగిరి_రిటైర్డ్:

బాబూ, అందరూ ఆవేశంగా చెప్తున్నారు, నాదొక మాట. తప్పు ఒప్పుకుని ఆయిల్ ఫ్రీగా పోశారు కదా. మీరు గట్టిగా పట్టుకుంటే పైవాళ్ళకి ఏమీ కాదు, ఆ కింద పనిచేసిన కుర్రాడి జీతంలో కోస్తారు. ట్రైనీ పిల్లలు, ఊళ్ళ నుంచి వచ్చి రూముల్లో ఉండి చేస్తుంటారు. నేనైతే ఓ వెయ్యి కిలోమీటర్లు నడిపి చూసి అప్పుడు మాట్లాడతాను. అయినా ఈ కంపెనీ సర్వీస్ సెంటర్ల మోజు ఎందుకో, మా కాలనీ మెకానిక్ దగ్గర నేను ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుని చేయిస్తాను, ఆయిలూ ఫిల్టరూ నేనే రాణిగంజ్ నుంచి తెచ్చుకుంటాను, ఇంతవరకూ ఏ బాధా లేదు.

మాజీ_ఫ్లోర్_సూపర్‌వైజర్:

పెద్దాయన చెప్పిన జీతం మాట నిజం, కాదనను. నేనే కోతలు చూశాను, అడ్వైజర్‌కి ఇన్సెంటివ్ పోతుంది, కుర్రాడికి బేసిక్‌లోనే పోతుంది. అందుకే మెయిల్‌లో ఒక లైను స్పష్టంగా రాయమంటా, రికవరీ పేరుతో టెక్నీషియన్ జీతంలో కోయొద్దు, ఫైనల్ ఇన్‌స్పెక్షన్ సంతకం ఎవరిదో వాళ్ళు జవాబు చెప్పాలి అని. వాళ్ళు పాటిస్తారని గ్యారంటీ లేదు గానీ రాస్తే కొంచెం వెనక్కి తగ్గుతారు.

కానీ వెయ్యి కిలోమీటర్లు నడిపి చూడటం మాత్రం వద్దండి. వెయ్యి కిలోమీటర్ల తర్వాత ఇంజన్ పోతే అది శనివారం నట్టు వల్లే పోయిందని ఎవరు నిరూపించాలి? ఈయనే. పైగా వారంటీ వాళ్ళు ఆయిల్ లేకుండా నడిపినట్టు గుర్తులున్నాయి, కస్టమర్ నిర్లక్ష్యం అని రిజెక్ట్ కొడతారు. ఎందుకంటే నట్టు లూజ్ అవడం తయారీ లోపం కాదు, వర్క్‌షాప్ లోపం, వారంటీ బుక్కు ప్రకారం వాళ్ళది కాని కేసు. అందుకే ఇవ్వాళ జాబ్ కార్డ్ మీద "సర్వీసు తర్వాత డ్రెయిన్ ప్లగ్ వదులుగా ఉండటం వల్ల ఆయిల్ కారింది" అన్న ఒక్క వాక్యం ఉండటం నీకు ఫ్రీ లేబర్ కన్నా, ఫ్రీ ఆయిల్ కన్నా విలువైనది. కొత్త జాబ్ కార్డ్ తెరిచారా అసలు? చాలాసార్లు తెరవరు. బండి లోపలికి వచ్చినట్టు సిస్టమ్‌లోనే ఉండదు, ఆయిల్ ఎక్కడో వేరే లెక్కలో రాసేస్తారు.

నాంపల్లి_జూనియర్:

వకీల్‌ని, ఇంకా జూనియర్‌నే. కన్జ్యూమర్ కేసుల్లో మా సీనియర్ వెంట తిరిగిన అనుభవంతో చెప్తున్నా.

2019 వినియోగదారుల రక్షణ చట్టం 2020 జూలై నుంచి అమల్లో ఉంది, దీని కింద ఇది క్లియర్‌గా సేవాలోపం. చాలామంది భయపడేది ఫీజు గురించి. కొత్త చట్టంలో లెక్క మీరు అడిగే పరిహారం మీద కాదు, మీరు కట్టిన సొమ్ము మీద. మీరు కట్టింది సర్వీసు బిల్లు, 7 వేల లోపు, కాబట్టి ఇంజన్ ఖర్చు లక్ష అడిగినా జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయొచ్చు, 5 లక్షల లోపు వాటికి ఫీజు లేదు. మీరు ఉండే చోటు పరిధిలోనే వేయొచ్చు, వర్క్‌షాప్ ఎక్కడున్నా సరే. లాయర్ తప్పనిసరి కాదు (ఇది చెప్పినందుకు మా సీనియర్ నన్ను తిడతాడు). గడువు రెండేళ్ళు. ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఈ-జాగృతి పోర్టల్‌లో ఫైల్ చేయొచ్చు.

అయితే కమిషన్ దాకా వెళ్ళడం ఆఖరి మెట్టు. చట్టంలో మూడు నెలలు, టెస్టింగ్ అవసరమైతే అయిదు నెలలు అని రాసి ఉన్నా ఆచరణలో వాయిదాల మీద వాయిదాలు పడతాయి, అబద్ధం చెప్పను. ముందు వర్క్‌షాప్ సర్వీస్ మేనేజర్‌కి, కంపెనీ కస్టమర్ కేర్‌కి ఒకే మెయిల్, ఇద్దరూ కనపడేలా. జవాబు రాకపోతే 1915కి ఫోన్ చేసి నేషనల్ కన్జ్యూమర్ హెల్ప్‌లైన్‌లో కంప్లైంట్ పెట్టండి, డాకెట్ నంబర్, అంటే కంప్లైంట్ నంబర్, ఇస్తారు. వాళ్ళు తీర్పు చెప్పరు, కంపెనీకి పంపుతారు, కానీ పెద్ద కంపెనీల్లో ఆ డాకెట్ చూసే టీమ్ వేరే ఉంటుంది, వర్క్‌షాప్ అడ్వైజర్ మాట అక్కడ నడవదు.

దగ్గర పెట్టుకోవాల్సినవి: శనివారం బిల్లు, గేట్ పాస్ మీద కిలోమీటర్ రీడింగ్, టో వాళ్ళ రిపోర్ట్ (అందులో సమస్య ఏమని రాశారో చూడండి, "ఆయిల్ లీక్" అని ఉంటే బంగారం), సెల్లార్ ఫోటో, వాచ్‌మన్ పంపిన మెసేజ్ ఫోన్‌లో అలాగే ఉంచండి, స్క్రీన్‌షాట్ తీసి డిలీట్ చేయొద్దు. వర్క్‌షాప్ బే సీసీటీవీ ఫుటేజ్ భద్రపరచమని రాతలో అడగండి. ఇవ్వకపోవచ్చు, కానీ అడిగాక చెరిపేశారంటే ఆ విషయం కమిషన్ ముందు మీరు ఎత్తి చూపించొచ్చు.

నాచారంవాలా:

థాంక్యూ అన్నా. మెయిల్ ఎట్ల రాయాలో జర ఎవరన్నా రాసిపెట్టండి, నాకు కోపంల రాస్తే తిట్లే వస్తున్నయ్.

నాంపల్లి_జూనియర్:

తిట్లు వద్దు, ఇలా పెట్టండి, మీ వివరాలు కలుపుకోండి:

"ఫలానా తేదీన మీ వద్ద 40 వేల కిలోమీటర్ల సర్వీసు చేయించాను, బిల్లు జతచేశాను. మర్నాడు ప్రయాణంలో ఆయిల్ ప్రెషర్ లైటు వెలగగా వెంటనే ఇంజన్ ఆపాను. బండిని మీ వర్క్‌షాప్‌కి టో చేశారు. డ్రెయిన్ ప్లగ్ వదులుగా ఉన్నట్లు మీ సర్వీస్ అడ్వైజర్ నాతో చెప్పారు. ఇంజన్ లోపలి భాగాల పరిస్థితి తెలియకుండా బండిని స్వీకరించలేను, క్లెయిమ్ లేదనే పత్రంపై సంతకం చేయలేను. నా సమక్షంలో ఆయిల్ ఫిల్టర్ కోసి చూపించాలి, ఆయిల్ ప్రెషర్ కొలవాలి, చాంబర్ దింపి బేరింగులు చూపించాలి, ఫలితాలు జాబ్ కార్డ్ మీద రాయాలి. నష్టం ఉంటే మీ ఖర్చుతో సరిచేయాలి. నష్టం లేదని తేలినా, ఈ ఘటన వల్ల భవిష్యత్తులో ఇంజన్ వారంటీ నిరాకరించబోమని కంపెనీ రాతపూర్వకంగా ఇవ్వాలి."

చివర్లో సూపర్‌వైజర్ గారు చెప్పిన ఆ కుర్రాడి రికవరీ లైను కలపండి. అడ్వైజర్ మీతో నట్టు లూజ్ అని నోటితో అన్న మాట ఇప్పుడు మీ మెయిల్‌లో ఉంది, వాళ్ళు కాదని జవాబు రాయకపోతే అది మీకే మంచిది.

లాంగ్‌డ్రైవ్_ఎల్బీనగర్:

వాళ్ళు ఫోన్ చేస్తే మాట్లాడు కానీ పెట్టేయగానే "మీరు ఫోన్‌లో ఇలా అన్నారు" అని మళ్ళీ మెయిల్ కొట్టు. నాకు వేరే మ్యాటర్‌లో అదే పనికొచ్చింది. ఇంక బయట మెకానిక్‌తో విప్పించి చూద్దామని మాత్రం అనుకోకు, బయటోడు చెయ్యి పెట్టాడు వారంటీ పోయిందంటారు.

నాచారంవాలా:

అప్‌డేట్: మెయిల్ పెట్టినంక పాత అడ్వైజర్ కాకుండా సర్వీస్ మేనేజర్ డైరెక్ట్ ఫోన్ చేసిండు, బాగనే మాట్లాడిండు. కొత్త జాబ్ కార్డ్ తెరిచిన్రు, లూజ్ డ్రెయిన్ ప్లగ్ అని రాసిన్రు, ఫోటో కూడా నాకు పంపిన్రు. ఫిల్టర్ మార్చలేదంట, బండికే ఉంది. బుధవారం నా ముంగట చాంబర్ దింపుతరు అంట. వారంటీ లెటర్ మాత్రం "పైన అడగాలె సార్" అంటున్నడు. బండి లేక నాకు ఆఫీసుకి మెట్రోనే, అది కూడా రాసి ట్యాక్సీ పైసలు అడగొచ్చా?

నాంపల్లి_జూనియర్:

అడగండి, రసీదులు దాచండి. లెటర్ రాకుండా డెలివరీ తీసుకోవాల్సి వస్తే గేట్ పాస్ మీద "నిరసనతో స్వీకరించాను, వారంటీ లెటర్ పెండింగ్" అని మీ చేత్తో రాసి సంతకం పెట్టి ఫోటో తీసుకోండి.

మాజీ_ఫ్లోర్_సూపర్‌వైజర్:

బుధవారం పొద్దున్నే వెళ్ళు, మధ్యాహ్నం వెళ్తే విప్పేసి తుడిచేసి ఉంచుతారు. నట్టు నీ ముందే విప్పించు. వాషర్ సమానంగా నొక్కుకుని ఒకే గుర్తు ఉంటే కొత్తది, అంచులు అరిగి ఒకదానిమీద ఒకటి గుర్తులుంటే పాతదే బిగించి నీకు 30 రూపాయలు బిల్లు వేశారు, ఫోటో తీసుకో. నట్టు థ్రెడ్ మీద మెటల్ పోగులు ఉన్నాయా చూడు. ఇలాంటి తప్పు అయ్యాక భయంతో ఎయిర్ గన్ పెట్టి చచ్చేలా బిగిస్తారు, చాంబర్ అల్యూమినియం అయితే థ్రెడ్ లేచిపోతుంది, వచ్చే సర్వీసులో నట్టు నిలబడదు. మీ సైజు పెట్రోల్ బండ్లకి ఆ నట్టు 40 న్యూటన్ మీటర్ల దరిదాపుల్లోనే ఉంటుంది, అంటే మామూలు చేతి బలమే, టార్క్ రెంచ్ తెమ్మను.

షెల్ చూసేటప్పుడు గోరు పెట్టి అడ్డంగా గీయి, గోరు ఎక్కడైనా పట్టుకుంటే అన్ని షెల్స్ మార్చమను, ఒక్కటే మారుస్తామంటే ఒప్పుకోకు. విప్పిన రాడ్ బోల్టులు కొత్తవి వేయాలా అని మాన్యువల్ తెరిచి చూపించమను. తిరిగి చాంబర్ ఎక్కించేటప్పుడు సీలెంట్ పెడతారు, అది ఆరడానికి కొన్ని గంటలు వదలాలి, ఆరకముందే ఆయిల్ పోస్తే మళ్ళీ అక్కడే చెమ్మ మొదలవుతుంది. కాబట్టి బుధవారం సాయంత్రమే బండి కావాలని నువ్వు తొందరపెట్టకు, గురువారం తీసుకో.